ఆ మందు కాదు

నరసరావుపేటలో సామ్రాజ్యం కుట్టిన ఫాల్‌ని కనిపెట్టడం ఆ చీర కట్టుకున్నవాళ్ళకి కూడా చేతకాదు. దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముడి పడిందో పైకి తెలియనివ్వదు. "కుట్టు పైకి కనపడేట్టయితే నా దాకా ఎందుకమ్మా, గోనెసంచులు కుట్టేవాడి దగ్గరికి పోవచ్చుగా" అంటుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆమె ఇంటి వసారాలో చీరలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ గుట్టల మధ్య సామ్రాజ్యం, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, పెదాల మధ్య సూది.

సంసారాన్ని కూడా ఆమె ఆ పద్ధతిలోనే కుట్టుకొచ్చింది. మొగుడు అంకారావు తాగి మధ్యాహ్నం దాకా లేవని రోజుల్లో, అడిగినవాళ్ళకి "జొరం" అని చెప్పేది. ఆ జొరం ఏళ్ళ తరబడి తగ్గలేదు. అది ఏ షాపులో దొరుకుతుందో వీధి వీధంతటికీ తెలుసు. అయినా పాపం ఎవరూ ఎదురుగా అనలేదు. వాళ్ళ చీరలు ఆమె దగ్గర ఉండేవి మరి.

అంకారావుకి మోటార్ల వైండింగ్ షాపు. బోర్ల మోటార్లు కాలిపోతే రైతులు తెచ్చి పడేస్తారు, ఆయన పాత తీగ ఊడబీకి కొత్త రాగి తీగ చుట్టిస్తాడు. ఒకరోజు ఆ షాపులోనే నెత్తురు కక్కుకున్నాడు. లివర్ గట్టిపడిపోయిందని పెద్దాసుపత్రిలో తేల్చారు. ఇంకొక్క గుక్క తాగితే తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. అందరూ అనుకున్నట్టు నెల తిరక్కుండా మళ్ళీ బ్రాందీ షాపు మెట్లు ఎక్కలేదు అంకారావు. మానేశాడు. నిజంగానే మానేశాడు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, చుట్టాలు పక్కకి లాగి "బావా, ఒక్కటేసుకో" అంటే, జేబులోంచి సిరప్పు సీసా తీసి చూపించేవాడు.

"మందేగా? మూడు పూటలా తాగుతున్నా. డాక్టరే పోయమన్నాడు."

ఆ జోకు ఆయనకి చానా ఇష్టం. చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు. జీవితంలో తను గెలిచిన పందెం ఇదొక్కటేనని సామ్రాజ్యంతో ఓసారి అన్నాడు కూడా.

ఆ సిరప్పుతోనే వచ్చింది చిక్కు. లాక్టులోజ్ అంటారు. చిక్కగా, తియ్యగా, పాకంలా ఉంటుంది. డాక్టరు విడమరిచి చెప్పాడు: "లివర్ దెబ్బతింది కాబట్టి కడుపులో పుట్టే విషాన్ని అది కడగలేదు. అది కడుపులో నిలవుంటే మెదడుకెక్కుద్ది. ఈ సిరప్పు దాన్ని కిందికి తోసేస్తుంది. రోజుకి రెండు మూడు సార్లు మోషన్ అవ్వాలి. అవ్వకపోతే మోతాదు పెంచండి. మాట తడబడ్డా, మనిషి మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురండి."

అంకారావుకి ఒక్కసారికే అర్థమైంది. "మోటారుకి ఎర్తింగ్ ఉన్నట్టు నాకీ సిరప్పు. ఎర్త్ పోయిందనుకో, కరెంటు బాడీకొస్తది" అన్నాడు.

సామ్రాజ్యానికీ అర్థమైంది. కాకపోతే ఆ మాట నలుగురిలో ఎట్టా అనాలో ఆమెకి తెలియలేదు. దొడ్డికి అనే మాట ఆమె నోట పెళ్ళయినప్పటినుంచీ ఎవరూ వినలేదు. "బయటికి" అనేది. ఇంకా తప్పనప్పుడు "అది" అనేది. చుట్టాలు మీ ఆయనకేంది జబ్బంటే "గ్యాస్" అని తేల్చేసింది. పల్నాడులో గ్యాస్ అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. ఎవరి గ్యాస్ సంగతి వాళ్ళు మొదలెడతారు.

కానీ సిరప్పుకి పరువు మర్యాదలు తెలియవుగా. కిందటేడు మాచర్లలో సామ్రాజ్యం తమ్ముడు బ్రహ్మయ్య కొత్తింట్లో పాలు పొంగిస్తుంటే అందరూ కలిసి బస్సెక్కారు. పిడుగురాళ్ళ దాటుతుండగా అంకారావు లేచి నిలబడ్డాడు. మొహం చూస్తేనే సామ్రాజ్యానికి సంగతి తెలిసిపోయింది. ఆయన కండక్టర్ని బతిమాలుకున్నాడు, కండక్టరు డ్రైవర్ని కేకేశాడు, సున్నం బట్టీల పక్కన బస్సాగింది. ఆయన పరిగెత్తాడు. బస్సు నిండా జనం కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. తిరిగొచ్చేసరికి మోకాళ్ళ దాకా తెల్లటి సున్నప్పొడి. ఆ రోజు నుంచి చుట్టాల్లో ఆయన పేరు "పిడుగురాళ్ళ బావ". అంకారావు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. సామ్రాజ్యం మాత్రం ఆ నవ్వుని ఇంటికి తెచ్చుకుని చానాకాలం దాచుకుంది.

ఇప్పుడు బ్రహ్మయ్య కూతురు జ్యోతిర్మయి పెళ్ళి. మళ్ళీ అదే మాచర్ల, అదే బస్సు, అవే కిటికీలు. ఆడవాళ్ళకి టికెట్ లేదన్నప్పటినుంచీ బస్సులో కాలు పెట్టే చోటు కూడా లేదు. పైగా మేనత్తగా పెళ్ళిలో ఆమె ముందు వరసలో కూర్చోవాలి. పక్కన మొగుడు ఉండాలి. తలంబ్రాల మధ్యలో ఆయన లేచి నిలబడితే?

పెళ్ళి దగ్గర పడుతుండగా ఓ సాయంత్రం సామ్రాజ్యం సిరప్పు సీసాని సింకులో వంచేసింది. కడిగింది. బెల్లం పాకం పలచగా కాచి అందులో పోసింది. రంగు కలిసింది, చిక్కదనం కలిసింది. చెయ్యి ఊరుకోక రెండు ఏలక్కాయలు కూడా దంచి వేసింది.

"కాసిని రోజులేగా" అనుకుంది. "తిరిగొచ్చాక రెట్టింపు పోస్తా."

అంకారావు మూతలో పోసింది పోసినట్టు తాగాడు. నాలుక చప్పరించాడు. "ఏమే, ఈసారి సీసా చానా బాగుందే."

"కంపెనీ మారిందంట" అంది సామ్రాజ్యం, సూదిలో దారం ఎక్కిస్తూ. ఆ దారం ఎంతకీ ఎక్కలేదు.

బయలుదేరే రోజు పొద్దున, తనని ఎవరూ ఎరగని మందుల షాపు వెతుక్కుని, విరేచనాలు కట్టుకునే బిళ్ళ కూడా కొని తెచ్చింది. గ్యాస్ బిళ్ళ అని చేతిలో పెడితే ఆయన వేసుకున్నాడు. ఈవిడ చేతిలో ఏం పెట్టినా వేసుకునేవాడు. పెట్టెలో ముందు పట్టుచీరలు సర్దింది. ఆసుపత్రి ఫైలు మడవకుండా పట్టదని ఇంట్లోనే వదిలేసింది.

పిడుగురాళ్ళలో బస్సు ఆగలేదు. సున్నం బట్టీలు వెనక్కి పోతుంటే సామ్రాజ్యం అందరికంటే తలెత్తుకుని కూర్చుంది. వెనక సీట్లోంచి ఆమెకి మరదలు వరసావిడ "అన్నయ్యా, నీ స్టాపు పోతోంది!" అని కేకేసింది. అంకారావు పలకలేదు. నిద్రపోతున్నాడు. మిట్టమధ్యాహ్నం నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ప్రయాణం అలసట అనుకుంది సామ్రాజ్యం. అనుకోవాలని అనుకుంది.

మర్నాడు పొద్దున ముహూర్తం. అంకారావు చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని వచ్చాడు. సామ్రాజ్యం సరిచేసింది. అక్షింతలు ఇస్తే చేతిలో పట్టుకుని వాటికేసి చానాసేపు చూశాడు. తర్వాత తాపీగా వెళ్ళి వీడియో తీసేవాడి నెత్తిన వేసి దీవించాడు. జనం నవ్వారు. అంతవరకూ బాగానే ఉంది. పెళ్ళికొడుకు క్రాంతి కుమార్ తండ్రి ఖాకీరంగు సఫారీ తొడుక్కుని అతిథులకి నమస్కారాలు పెడుతున్నాడు. అంకారావు తిన్నగా వెళ్ళి ఆయన భుజం మీద కొట్టాడు.

"ఒరేయ్ కండక్టరూ! పిడుగురాళ్ళలో ఆపమన్నానా లేదా?"

సన్నాయి వాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగారు.

బ్రహ్మయ్య పరిగెత్తుకొచ్చి బావని రెక్క పట్టుకుని పక్క గదిలోకి ఈడ్చుకుపోయాడు. వెనకాలే సామ్రాజ్యం. బ్రహ్మయ్య వంగి బావ నోరు వాసన చూశాడు. ఏదో మగ్గిన పండులాంటి, తియ్యగా కుళ్ళిన వాసన.

"నా కూతురి పెళ్ళిలో తాగొచ్చాడక్కా! మానేశా మానేశా అని ఊరంతా డప్పు కొట్టుకున్నాడే! వియ్యంకుడికి నేనేం మొహం చూపించను?"

గుమ్మం దగ్గర నలుగురు ఆడవాళ్ళు. అందరి కళ్ళూ సామ్రాజ్యం మీదే.

ఆ క్షణంలో ఆమె ముందు రెండు మాటలున్నాయి. ఒకటి, ఆయన తాగలేదు, మందు నేను ఆపేశాను, ఎందుకాపానంటే… ఆ ఎందుకు దగ్గర నోరు మూతపడింది. రెండోది పాతమాట. ఏళ్ళ తరబడి మోసిన అవమానం, అలవాటైన అవమానం. తాగుబోతు పెళ్ళామంటే జనం జాలిపడతారు, నవ్వరు.

"ఏం చేస్తాం తమ్ముడూ" అంది సామ్రాజ్యం. "మనిషి మారతాడా?"

అని, కొంగు కళ్ళకి అద్దుకుంది. అంత సులువుగా వచ్చింది ఆ మాట. గదిలో మంచం మీద వాలిన అంకారావు కళ్ళు తెరిచే ఉన్నాయి. బ్రహ్మయ్య బయట గడియ పెట్టేశాడు.

సామ్రాజ్యం మళ్ళీ ముందు వరసలో కూర్చుంది. మేనత్త చేయాల్సినవన్నీ చేసింది. జ్యోతిర్మయి కొంగు సర్దుతూ చూస్తే, తను కుట్టిన ఫాల్ ఎక్కడా కనపడలేదు. పక్కనున్నావిడ చెయ్యి నొక్కి "ఓపిక పట్టు వదినా, ఆడదాని బతుకింతే" అంది. సామ్రాజ్యం చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నానికి పిలిచినప్పుడు ఆమె ఆకు ముందు కూర్చోకుండా ఆ గదికి వెళ్ళి గడియ తీసింది.

అంకారావు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ముందుకు చాపుకుని, రెక్కలు కొట్టుకునే కోడిలా మణికట్లు ఎగరేస్తున్నాడు. ఆమెని చూసి మర్యాదగా సర్దుకున్నాడు.

"రండి. మీరు పెళ్ళికూతురి తరఫాండీ?"

పెళ్ళైనప్పటినుంచీ ఆయన ఆమెని "ఏమే" అనే పిలిచాడు. కోపమొచ్చినా ఏమే, ప్రేమొచ్చినా ఏమే, తాగినా ఏమే, మానేసినా ఏమే. ఆ "అండీ" వినేసరికి సామ్రాజ్యం గుమ్మంలోకి పరిగెత్తింది.

"బ్రహ్మయ్యా!" అని అరిచిన అరుపుకి భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు ఆగిపోయారు.

ఆటో దొరకలేదు. చివరికి ఖాకీ సఫారీ పెద్దమనిషి కారే తీయాల్సి వచ్చింది. ఆయనే నడిపాడు. వెనక సీట్లో అంకారావు ఆయన్ని ఇంకా కండక్టరనుకుని టికెట్ అడుగుతూనే ఉన్నాడు. "ఇస్తాను బాబాయ్, ఇస్తాను" అన్నాడాయన పాపం.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మెహ్జబీన్ అనే అమ్మాయి. నర్సు గ్రేసమ్మ లావుపాటి మనిషి, గొంతు కూడా అట్లాంటిదే. డాక్టరు కళ్ళలోకి టార్చి వేసి చూసింది, కళ్ళు పచ్చగా ఉన్నాయంది. లివర్ జబ్బుందా, ఫైలేదీ అని అడిగింది. ఫైలు నరసరావుపేటలో ఉంది.

"ఫైలెందుకమ్మా, తాగుడు" అన్నాడు బ్రహ్మయ్య. "మందు మళ్ళీ మొదలెట్టాడు."

"లేదమ్మా" అంది సామ్రాజ్యం. "మొదలెట్టడం కాదు. మందు ఆపాం. నేనే ఆపాను."

డాక్టరు మొహం కాస్త తేలికపడింది. "మీరే ఆపించారా? ఎప్పుడు?"

"ఈమధ్యనేనమ్మా. పెళ్ళికని. ఒక్కసారిగా ఆపేశాను. చుక్క కూడా పొయ్యలేదు."

"అదన్నమాట. మంచి పనే చేశారు కానీ, ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదమ్మా. అలవాటైనవాళ్ళకి మందు ఒక్కసారిగా ఆపితే ఇలాగే చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది." గ్రేసమ్మ వైపు తిరిగింది. "మత్తు ఇంజెక్షన్ లోడ్ చేయండి. పడుకోబెడదాం."

సామ్రాజ్యానికి మొదట ఊపిరాడింది. డాక్టరు తిట్టలేదు. మంచి పనే చేశారంది. ఆ "మంచి పనే" దగ్గర ఆమె మనసు తట్టుకుని ఆగింది. మందు ఆపితే మంచి పనేంది? ఏ మందు? గ్రేసమ్మ సూది పట్టుకుని వస్తోంది. అంకారావు అప్పటికే సగం నిద్రలో ఉన్నాడు. మనిషి మత్తుగా ఉంటే వెంటనే తీసుకురండి అన్నాడు నరసరావుపేట డాక్టరు. అసలే మత్తు, దాని మీద ఇంకో మత్తు.

చుట్టూ చూసింది. తమ్ముడున్నాడు. సఫారీ వియ్యంకుడున్నాడు. కారెనకాలే వచ్చిన పెళ్ళివారి ఆడవాళ్ళు పట్టుచీరల్లో, పూలజడల్లో తలుపు దగ్గర నిలబడ్డారు. ఇంతకంటే నిండు సభ ఆమె జన్మలో చూడలేదు.

"ఆపు తల్లీ ఆ సూది!" అని అరిచింది. "ఆ మందు కాదు!"

"ఏ మందు?" అంది గ్రేసమ్మ.

"తాగుడు మందు కాదు. అది మానేసి ఏళ్ళయింది. తాగలేదు ఆయన, దేవుడి మీద ఒట్టు. నేను ఆపింది… దొడ్డికెళ్ళే మందు! తియ్యటి సీసా! బస్సులో దొడ్డికొస్తదని, పెళ్ళిలో దొడ్డికొస్తదని, నేనే పారబోసి పాకం పోశాను. కట్టుకునే బిళ్ళ కూడా వేశాను. బయలుదేరే ముందునుంచీ ఒక్కసారి కూడా దొడ్డికి పోలేదమ్మా ఆయన!"

ఒక జీవితకాలం మింగిన మాట నాలుగుసార్లు బయటికొచ్చింది.

మెహ్జబీన్ సూదిని చేత్తో వెనక్కి నెట్టింది. "లాక్టులోజా? లివర్ సిరోసిసా?" సామ్రాజ్యం తలూపింది. డాక్టరు మరి ఆమెని చూడలేదు. గబగబా ఏవేవో చెబుతోంది: రక్తపరీక్ష, ముక్కులోంచి గొట్టం, గొట్టంలోంచి సిరప్పు, ఎనిమా. కాసేపటికి వచ్చి నెమ్మదిగానే అంది. "ఆ ఇంజెక్షన్ ఇచ్చుంటే మనిషి లేచేవాడు కాదేమో అమ్మా. చెప్పి మంచి పని చేశారు."

ఈ రెండో "మంచి పని" మొదటిదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం నుంచి రెండు కుటుంబాల వాళ్ళూ ఒక్కదాని కోసమే ఎదురుచూశారు. ఇన్నాళ్ళూ సామ్రాజ్యం దేన్ని దాచిందో సరిగ్గా దానికోసమే. ఫోన్ల మీద ఫోన్లు. "వెళ్ళాడా?" "ఇంకా లేదు." పెళ్ళికూతురు కొత్త చీరలో కూర్చుని ఫోన్ చేసింది: "అత్తా, మావయ్య వెళ్ళాడా?" చివరికి గ్రేసమ్మ తలుపు తెరిచి వరండా అదిరేట్టు ప్రకటించింది. బ్రహ్మయ్య ఫోన్లో అరిచాడు: "వెళ్ళాడు! వెళ్ళాడు! బ్రహ్మాండంగా వెళ్ళాడు!" అవతల కల్యాణమండపంలో ఎవరో చప్పట్లు కొట్టినట్టు కూడా వినిపించింది.

తెల్లారాక అంకారావు కళ్ళు తెరిచి, ముక్కులో గొట్టాన్ని తడుముకుని, పక్కకి చూశాడు.

"ఏమే. పెళ్ళయిపోయిందా?"

సామ్రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక పాకం సంగతి చెప్పింది. ఆయన నాలుక చప్పరించుకున్నాడు.

"అనుకున్నాలే. కంపెనీవాడు ఏలకులెందుకేస్తాడని." మళ్ళీ అడిగాడు. "మరి నేను తాగాననుకున్నారా అందరూ?"

"అనుకున్నారు."

"నువ్వు చెప్పావుగా, తాగలేదని?"

"చెప్పాను" అంది. చెప్పింది నిజమే. ఆసుపత్రిలో చెప్పింది. మండపం పక్క గదిలో ఏం చెప్పిందో మాత్రం చెప్పలేదు.

ఇక చూడండి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అంకారావుకి అదే కథ. గ్రేసమ్మకి చెప్పాడు, పక్కమంచం ఆయనకి చెప్పాడు, పలకరించడానికొచ్చిన వియ్యంకుడికి క్షమాపణ చెప్పి మరీ చెప్పాడు. "మండపమంతా నన్ను తాగుబోతన్నా, మా ఆవిడ ఒక్కతే ఒప్పుకోలేదండీ." బ్రహ్మయ్య అక్కవైపు చూసి తల దించుకున్నాడు. ఆ దించుకోవడం సామ్రాజ్యాన్ని తిట్టుకంటే ఎక్కువ కాల్చింది. పాపం వాడికీ తెలుసు, బయట గడియ పెట్టింది తనేనని.

తిరుగు ప్రయాణం బస్సులోనే. గురజాల దాటాక అంకారావు ముందు సీటాయనతో మళ్ళీ మొదలెట్టాడు. "మా ఆవిడ ఒక్కతే…"

"నేనూ అన్నాను" అంది సామ్రాజ్యం.

"ఏంది?"

"మనిషి మారతాడా అన్నాను. నువ్వు మంచం మీద ఉండగానే. దొడ్డికి సంగతి చెప్పలేక, నువ్వు తాగావన్నట్టే అన్నాను. ఊరంతా అన్నప్పుడు నేనూ అన్నాను."

ముందు సీటాయన మెల్లగా తల తిప్పేసుకున్నాడు. అంకారావు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మిరప చేలు పోయాయి, రాళ్ళ గుట్టలు పోయాయి. సామ్రాజ్యం సంచిలోంచి సీసా తీసి మూత నిండా, గీతకంటే పైకి, పోసిచ్చింది. తీసుకుని తాగాడు. మూత తిరిగిస్తూ కూడా ఆమె వైపు చూడలేదు.

సున్నం బట్టీల పొగ కనపడుతుండగా ఆయన కదిలాడు.

"బస్సాపాలి" అన్నాడు.

"కండక్టర్ని పిలువు."

"నువ్వే చెప్పు. గట్టిగా చెప్పు."

సామ్రాజ్యం లేచి నిలబడింది. పైరాడ్డు పట్టుకుంది. "తమ్ముడూ, బస్సాపించయ్యా! మా ఆయన మందు తాగున్నాడు!"

బస్సు బస్సంతా వెనక్కి తిరిగింది. "పొద్దున్నే మొదలా?" అన్నాడెవరో. ఒకావిడ పిల్లని దగ్గరికి లాక్కుంది. సామ్రాజ్యం ఆ మొహాలన్నిటినీ చూసింది. ఒకసారి మొగుడి వైపు చూసింది.

"ఆ మందు కాదు" అంది, అందరికీ వినపడేట్టు. "అది ఆయన మానేసి ఏళ్ళయింది. ఇది లివర్‌కి. తాగితే దొడ్డికొస్తది. రావాలి కూడా. రాకపోతే మనిషి దక్కడు. ఆపు తమ్ముడూ!"

బస్సాగింది. అంకారావు అందర్నీ జరుపుకుంటూ దిగి బట్టీల వెనక్కి వెళ్ళాడు. ఈసారి పరిగెత్తలేదు. కిటికీల్లోంచి జనం చూశారు. సామ్రాజ్యం కూడా కొంగు మొహానికి అడ్డం పెట్టుకోకుండా అటే చూస్తూ కూర్చుంది.

ఆయన తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా సున్నం. సీటు దగ్గర నిలబడి ప్యాంటు దులుపుకున్నాడు. తెల్లపొడి ఆమె చీర మీద పడింది.

"ఏమే" అన్నాడు. "జరుగు."

సామ్రాజ్యం జరిగింది.